చావు ఇంట్లో కెమెరా: అంత్యక్రియలనూ సంస్మరణ సభలనూ అలజడి లేకుండా చిత్రించే పద్ధతి

పెళ్లి ఫోటోల బేరం నెలల ముందే కుదురుతుంది. చావు ఫోటోల కబురు మాత్రం తెల్లవారుజామున ఫోన్‌లో వస్తుంది, రెండు గంటల్లో మనం అక్కడ ఉండాలి. ఒకప్పుడు మా నెల్లూరు వైపు ఈ పని చాలా చిన్నది. స్టూడియో మనిషి వచ్చి, పూలదండలతో ఉన్న దేహం వెనక కుటుంబాన్ని నిలబెట్టి, ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు కువైట్‌లో ఉన్న కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు విమానం అందక ఆగిపోయినప్పుడు, చివరి రోజు మొత్తం ఎలా గడిచిందో తరువాతైనా చూసుకోవాలని కుటుంబాలు అడుగుతున్నాయి. రాలేనివారి కోసం చేస్తున్న పని గనుక, వచ్చినవారి దుఃఖానికి అది అడ్డు రాకూడదు. ఈ మార్గదర్శిలో చెప్పేదంతా ఆ ఒక్క షరతు మీదనే నడుస్తుంది.

కబురు అందగానే అడగవలసినవి

ఫోన్ చేసినవారు సాధారణంగా అల్లుడో, మేనల్లుడో, పక్కింటివారో అయి ఉంటారు. వారు పిలిచారు కాబట్టి అనుమతి వచ్చినట్టేనని అనుకోకూడదు. ఆ ఇంట్లో నిర్ణయం ఎవరిదో, కర్మ చేసేది ఎవరో, ఫోటోలు ఎవరి కోసమో, రాలేకపోతున్నది ఎవరో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాలి. దహనమా, ఖననమా, ఎన్ని గంటలకు, ఏ చోట అన్నది కూడా అప్పుడే తెలియాలి. నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న బోడిగాడితోట శ్మశానం అయితే వెలుతురు, నిలబడే చోటు ముందే ఊహించుకోవచ్చు. కందుకూరు పక్క పల్లెలో చెరువు కట్ట కింది శ్మశానమైతే దారి కూడా తెలియదు, కాబట్టి అరగంట ముందు బయలుదేరాలి.

ఇంటికి చేరాక కెమెరా సంచిలోనే ఉంచి, ముందు దేహానికి నమస్కరించి, ఇంటిపెద్ద దగ్గర కూర్చుని, మెల్లగా రెండు మాటల్లో విషయం చెప్పాలి. నేను ఏళ్లుగా వాడుతున్న మాటలు ఇవి: "పెద్దాయనా, కువైట్‌లో ఉన్న చిన్నబ్బాయి కోసమని మీ అల్లుడు పిలిచాడు. మీకు సమ్మతమైతేనే తీస్తాను. వద్దనుకున్నప్పుడు నా వైపు చెయ్యి ఎత్తండి చాలు, ఆపేస్తాను." ఈ చివరి మాట ముఖ్యమైనది, ఎందుకంటే ఉదయం ఒప్పుకున్న మనిషే మధ్యాహ్నం పాడె లేచే వేళకు తట్టుకోలేకపోవచ్చు. అనుమతి ప్రతి ఘట్టానికీ కొత్తగా అవసరమవుతుందని గుర్తుంచుకుని, ఇంటి నుంచి వీధికి, వీధి నుంచి శ్మశానానికి మారినప్పుడల్లా ఆయన ముఖం వైపు ఒకసారి చూడాలి.

ఆడవాళ్లు కూర్చున్న గదికి ఇంటిపెద్ద అనుమతి సరిపోదు. ఆ గదిలో పెద్దావిడను వేరుగా అడగాలి. ఆమె మాట్లాడే స్థితిలో లేకపోతే తీయకుండా బయటికి రావాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. మనోభావాలను గాయపరిచే ఉద్దేశంతో అంత్యక్రియలకు చేరినవారికి అంతరాయం కలిగించడం భారతీయ న్యాయ సంహితలోని 301వ సెక్షన్ కింద నేరం, దానికి ఏడాది వరకు శిక్ష ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో ఇదే 297వ సెక్షన్. మంచి ఉద్దేశంతో వెళ్లినవారికి ఇది వర్తించే అవకాశం తక్కువే అయినా, పిలవని చావుకు "మంచి ఫ్రేము" కోసం వెళ్లే కుర్రాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

కెమెరాను మౌనంగా చేయడం

నా మొదటి రోజుల్లో కోవూరు దగ్గర ఒక ఇంట్లో, చీకటి వరండాలో కూర్చున్న ఒక తల్లి వైపు కెమెరా ఎత్తాను. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర దీపాన్ని ఆపడం మరిచిపోయాను. ఆ వెలుగు నేరుగా ఆమె ముఖం మీద పడింది. ఆమె ఏడుపు ఆపి నా వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆ తరువాత ఆ వరండాలోకి అడుగు పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పటి నుంచి ఇంటి దగ్గరే, బయలుదేరే ముందే, నాలుగు పనులు చేస్తాను. ఫోకస్ దీపం ఆపుతాను, బీప్ శబ్దం ఆపుతాను, ఫ్లాష్ తీసి అల్మారాలో పెడతాను, తీసిన ఫోటో వెంటనే వెనక తెరపై వెలిగే సౌకర్యాన్ని కూడా ఆపుతాను. చీకటి గదిలో ఆ తెర వెలుగు అందరి చూపునూ లాగుతుంది. పక్కన కూర్చున్నవారు దానిలోకి తొంగి చూస్తారు కూడా.

మిర్రర్‌లెస్ కెమెరాలో నిశ్శబ్ద షట్టర్ ఉంటుంది, ఈ పనికి దానికి మించినది లేదు. అయితే ఒక చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. నిశ్శబ్ద షట్టర్‌తో 1/250 లాంటి వేగం పెడితే ఫోటో మీద అడ్డంగా నల్లని చారలు పడతాయి. అందువల్ల ఇంటిలోపల 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉండి, ఎపర్చర్‌ను, అంటే లెన్సు లోపలి రంధ్రాన్ని, ఎఫ్/2 వరకు తెరిచి, వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓను 3200 లేదా 6400కు పెంచడం మేలు. ఫోటోలో కొంత గరుకు వస్తుంది, రానివ్వండి. పాత డీఎస్ఎల్ఆర్ మాత్రమే ఉంటే షట్టర్ చప్పుడు తగ్గించే క్వైట్ మోడ్ పెట్టి, డప్పు మోగేటప్పుడో, ఏడుపు గట్టిగా లేచినప్పుడో, భజన సాగేటప్పుడో నొక్కాలి. ఫోన్‌తో తీసేవారు సైలెంట్‌లో పెట్టడంతో పాటు విమానం గుర్తు కూడా నొక్కి ఉంచితే, కుండ దించే వేళకు పాట మోగే ప్రమాదం ఉండదు.

లెన్సుల విషయంలో 35 మి.మీ. ఒకటి, 85 మి.మీ. ఒకటి చాలు. రెండు కెమెరాలు మెడలో వేసుకుని వెళితే పెళ్లి ఫోటోగ్రాఫర్‌లా కనిపిస్తాము, ఒకటే తీసుకెళ్లాలి. సంచి గుడ్డదై ఉండాలి, ఎందుకంటే వెల్క్రో చప్పుడు మౌనంగా ఉన్న గదిలో చాలా దూరం వినిపిస్తుంది. దుస్తులు తెల్లనివో వెలిసిన రంగువో వేసుకోవాలి. తాళ్లు కట్టే బూట్లు వద్దు, ఎందుకంటే ఆ రోజు పదిసార్లు చెప్పులు విడిచి తొడుక్కోవలసి వస్తుంది.

ఇంట్లో, షామియానా కింద

మొదటి అరగంట ఏమీ తీయకుండా ఒక మూల కూర్చోవాలి. వెలుతురు ఎటు నుంచి వస్తుందో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ అరగంటలో తెలుస్తుంది. జనం కూడా మనల్ని మరిచిపోతారు.

ఫ్రీజర్ పెట్టె ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది, దాని పైమూత అద్దంలా చుట్టూ ఉన్నదంతా చూపిస్తుంది. నేరుగా పైనుంచి తీస్తే మన నీడా, పైన తిరిగే ఫ్యానూ పడతాయి. కొంచెం పక్కకు జరిగి వాలుగా చూస్తూ, లెన్సుకు పోలరైజర్ అనే ఫిల్టరు తగిలించి మెల్లగా తిప్పితే ప్రతిబింబం చాలావరకు తగ్గుతుంది. అయితే దాని వల్ల వెలుతురు సగానికి పైగా పోతుంది కాబట్టి ఆ ఫోటోలు రెండు మూడు తీసి పోలరైజర్‌ను విప్పేయాలి. నీలం, ఎరుపు షామియానాల కింద ముఖాల రంగు మారిపోతుంది. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా సర్దని ముడి ఫైలుగా, తీసి ఉంటే తరువాత కొంత సర్దవచ్చు, పూర్తిగా సర్దలేని వాటిని నలుపు తెలుపులోకి మార్చడం నిజాయితీ గల పరిష్కారం.

పోయినవారి ముఖాన్ని ఎన్ని తీయాలని చాలామంది అడుగుతారు. ముఖం కనిపించేవి మూడు నాలుగు చాలు, అవి కూడా ముస్తాబు పూర్తయ్యాక తీయాలి. నోట్లో దూది పెట్టేటప్పుడు, గడ్డానికి గుడ్డ కట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు కెమెరా కిందికి దించాలి. మిగతా రోజంతా ముఖం చుట్టూ జరిగేదాన్నే చూడాలి. పాదాలకు పసుపు రాసే చెయ్యి, తలదగ్గర వెలిగే దీపం, పోయినాయన కళ్లజోడు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని తిరిగే మనవడు, గుమ్మం ముందు గుట్టగా పడిన చెప్పులు, వెదురు కోసి పాడె కట్టే ఊరివాళ్లు, వీళ్లందరూ ఆ రోజుకు సాక్షులే. ఏడ్చే ముఖాన్ని దగ్గర నుంచి తీయడం తేలిక, కానీ ఆ ఫోటోను ఆ మనిషి ఎప్పటికైనా చూడాలనుకుంటారా అన్న ప్రశ్న వేసుకుంటే వేలు చాలాసార్లు ఆగుతుంది. ఏడుస్తున్నవారి వెనక నుంచి, వారి భుజం మీద పడిన మరొకరి చెయ్యిని తీసినా దుఃఖం అందులో ఉంటుంది.

ఈ మధ్యలో ఇంకో పని మీద పడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫోటో కావాలని ఎవరో ఒకరు వస్తారు. గోడకు వేలాడే పాత ఫోటోను ఫ్రేము నుంచి విప్పి, ఎండ తగలని నీడలోకి తెచ్చి, నేల మీద బల్లపరుపుగా పెట్టి, సరిగ్గా పైనుంచి తీసి ఫ్లెక్సీ షాపుకు పంపితే సరిపోతుంది. ఫ్రేము విప్పడం వీలుకాకపోతే నల్లగుడ్డ ఒకటి మన వెనక ఎవరితోనైనా పట్టించాలి, అప్పుడు అద్దంలో ఏమీ కనిపించదు. పేరు, తేదీలు ఇంట్లో ఇద్దరితో చదివించాకే పంపాలి.

పేరున్న నాయకులు పరామర్శకు వస్తే వారి వెంట వారి ఫోటోగ్రాఫర్లు కూడా వస్తారు. ఆ పది నిమిషాలు వారికి వదిలి, పక్కకు వెళ్లి మంచినీళ్లు తాగి రావడం మేలు.

పాడె లేచిన తరువాత

అంతిమయాత్రలో పాడెకు ఎదురుగా వెనక్కి నడుస్తూ తీసే అలవాటు మానుకోవాలి. కుండ పట్టుకున్న కర్త పాడెకు ముందు నడుస్తాడు, అతని దారికి అడ్డు తగలడం తప్పు, కాలు జారితే ప్రమాదం కూడా. వీధి చివర ఉన్న అరుగు మీదనో, మలుపు దగ్గరనో ముందుగా చేరి, యాత్ర మనల్ని దాటి వెళ్లేవరకు ఒకే చోట నిలబడాలి. దాటిపోయాక ఖాళీ వీధిలో పడి ఉన్న బంతిపూలు, మరమరాలు, చిల్లర ఏరుకునే పిల్లలు కనిపిస్తారు. నా వరకు, ఆ రోజు మొత్తంలో నిలిచిపోయే ఫోటోలు ఎక్కువగా ఇక్కడే దొరికాయి.

దారి మధ్యలో పాడె దించి చెవిలో మూడుసార్లు పిలిచే దింపుడు కళ్లం దగ్గర అందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు. ఒక్క ఫోటో, దూరం నుంచి, 85తో తీయాలి. కుటుంబం ముందే వద్దంటే అదీ వద్దు.

శ్మశానంలో కర్త కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఒక్కో చుట్టుకు ఒక్కో చిల్లు పొడుస్తారు, నీళ్లు ధారగా పడతాయి, చివర కుండను వెనక్కి వదిలేస్తాడు. అందుకని అతని వెనక నిలబడకూడదు. చితికి పక్కగా, గాలి వచ్చే దిక్కున నిలబడితే పొగ మన మీదికి రాదు, నీటి ధార ఎండలో మెరుస్తూ కనిపిస్తుంది, దానికి 1/500 సెకను వేగం కావాలి. ఆరుబయట సూర్యకాంతిలో చారల బెడద ఉండదు, నిశ్శబ్ద షట్టర్‌ను నిశ్చింతగా వాడవచ్చు. వేసవిలో పెన్న చాలాచోట్ల ఇసుక మేటగానే ఉంటుంది. ఆ ఇసుక, తెల్ల పంచెలు కలిసి వెలుతురు కొలిచే కెమెరా మీటరును మోసం చేస్తాయి కాబట్టి ముఖాలు నల్లబడకుండా ఎక్స్‌పోజరును ఒక స్టాపు వరకు, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత వరకు, పెంచాలి. నిప్పు అంటుకున్నాక, ముఖ్యంగా సాయంత్రం వేళ, దీనికి వ్యతిరేకంగా ఒక స్టాపు తగ్గించాలి.

తలకొరివి పెట్టాక కుటుంబం వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. అక్కడ మిగిలేది కాటికాపరి, ఒకరిద్దరు ఊరిపెద్దలు, మనం. వాళ్లే చూడకూడదనుకున్నదాన్ని మనం తీయడం సబబేనా అని నాకు చాలా కాలం సందేహంగా ఉండేది. ఇప్పుడైతే నేను కూడా వారితోనే బయటికి నడుస్తాను, నది వైపు స్నానాలకు దిగే వారి వీపులను తీస్తాను. కాలే చితిని దగ్గరగా తీసిన ఫోటో నా ఏ ఆల్బమ్‌లోనూ లేదు. మరో సంగతి, కాటికాపరి కూడా అనుమతి అడగవలసిన మనిషే. ఆయన పనిని వింతగా చూపించడం అన్యాయం.

ఖననం చేసే కుటుంబాల్లో గుంత అంచు దగ్గరికి వెళ్లకూడదు, మట్టి జారుతుంది. శైవులైన జంగాలలో దేహాన్ని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. ఆ పద్ధతి తెలియనివాళ్లు ఆశ్చర్యంతో ఫోన్లు ఎత్తుతారు, మనం ఎత్తకూడదు.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలలో

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ముస్లిం కుటుంబాల పిలుపు తక్కువగా వస్తుంది. వచ్చినప్పుడు ముఖం తీయవచ్చా అన్నది మొట్టమొదట అడగాలి, వద్దనే కుటుంబాలు చాలా ఉంటాయి. గుసుల్ (దేహానికి స్నానం), కఫన్ (తెల్లగుడ్డ చుట్టడం) జరిగేచోట కెమెరాకు పనిలేదు. జనాజా నమాజు, అంటే అంత్యక్రియల ప్రార్థన, నిలబడే చేస్తారు, అందులో రుకూ (వంగడం), సజ్దా (సాష్టాంగపడటం) ఉండవు, "అల్లాహు అక్బర్" అనే నాలుగు తక్బీర్లతో కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. వరుసల ముందుకు వెళ్లకుండా వెనక నుంచి ఒకటి రెండు తీసి ఆపాలి. జనాజాను, అంటే దేహమున్న పాడెను, భుజం మార్చుకుంటూ మోసే చేతులు, ఒక్కొక్కరూ మూడు పిడికిళ్ల మట్టి వేయడం, ఈ రెండూ ముఖాలు లేకుండానే మొత్తం కథ చెబుతాయి. ఖబరస్తానులో మంచి కోణం కోసం పక్క సమాధి మీద కాలు పెట్టడం క్షమించరానిది.

అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో, 1866లో ఒంగోలులో పని మొదలుపెట్టింది కాబట్టి ఈ రెండు జిల్లాల్లో క్రైస్తవ భూస్థాపనలు తరచుగా చూస్తాము. మందిరంలో పాస్టరు గారిని ముందే కలిసి, ఎక్కడ నిలబడవచ్చో అడగాలి. ప్రార్థన సమయంలో కెమెరా దించి ఉంచి, కీర్తనలు పాడేటప్పుడు మాత్రమే తీయాలి. పెట్టె మూత వేసే క్షణం అన్నిటికంటే కఠినమైనది. ఆ క్షణానికి పెట్టె దగ్గర కుటుంబం తప్ప ఎవరూ ఉండకూడదు, మనం తలుపు దగ్గరికి వెళ్లిపోవాలి. కొన్ని సంఘాలలో నవంబరు 2న సమాధుల పండుగ జరుగుతుంది, సమాధుల మీద కొవ్వొత్తుల వెలుగులో కుటుంబాలు కూర్చుంటాయి. ఎవరికీ తొందర ఉండదు గనుక, కొత్తగా నేర్చుకునేవారు అంత్యక్రియలకు ముందు ఇలాంటి సందర్భంలో అనుమతితో అభ్యాసం చేయడం మంచిదని నా అభిప్రాయం.

పెద్దకర్మ, సంస్మరణ సభ

పదో రోజు నాటికి ఇంటివారిలో కొంత తేరుకున్న వాతావరణం ఉంటుంది, పిలవనివారు కూడా ఫోటోలకు నిలబడతారు. అయినా ఆ ఉదయం ఒక ఘట్టం ఉంది. భర్త పోయిన ఆమెకు గాజులు తీసి, బొట్టు తుడిచే తంతు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో చేస్తున్నారు. అది తీయమని బంధువులు ఎవరు అడిగినా నేను తీయను. ఆమె స్వయంగా అడిగితే తప్ప మీరూ తీయవద్దు.

ధర్మోదకాలు వదిలేటప్పుడు వేళ్ల సందున జారే నువ్వులు, నీళ్లు దగ్గరగా తీయదగినవి. పిండం పెట్టాక కాకి కోసం ఎదురుచూడటం మాత్రం ఓపికకు పరీక్ష. కాకి రాకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని అనుకుంటారు కాబట్టి, మన కదలికకు బెదిరి కాకి ఎగిరిపోతే ఆ నింద మన మీదే కాదు, ఆ కుటుంబం మనసులో కూడా మిగిలిపోతుంది. 200 మి.మీ. లెన్సు ఉంటే ఆ ఒక్క రోజు దాన్నీ తీసుకెళ్లాలి. ఇరవై అడుగులకు పైగా దూరంలో, చెట్టు మొదట్లో కూర్చుని, కాకి పిండం ముట్టేవరకు నొక్కకుండా ఉండాలి. కాకి వైపు కంటే, కాకి కోసం చూసే ముఖాల వైపు తిప్పిన ఫోటో బాగుంటుంది.

అస్థికలు మైపాడు, కొత్తపట్నం తీరాలలో సముద్రంలో కలిపేవారుంటారు. అక్కడ లెన్సు మార్చకూడదు, ఉప్పుగాలి, ఇసుక లోపలికి పోతాయి. తూర్పు తీరం కనుక ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు. నీళ్లలోకి దిగినవారిని నీడరూపాలుగా తీయడం ఇక్కడ తగిన పద్ధతి.

సంస్మరణ సభ గురించి చెప్పవలసింది తక్కువ. అక్కడ వేదిక, మైకు, జ్ఞాపకాలు చెప్పేవారు ఉంటారు, ఎవరూ కెమెరాను పట్టించుకోరు. మాట్లాడేవారిని కాక వినేవారిని తీయండి.

తీసినవి ఎవరి చేతికి, ఎప్పుడు

ఆ రోజు ఏ ఫోటోనూ ఎవరికీ వాట్సాప్‌లో పంపకూడదు. ఒకసారి నేను బంధువు ఒకరు తొందరపెడితే ఒక ఫోటో పంపాను. అది గంటలో స్టేటస్‌గా మారింది, గల్ఫ్‌లో ఉన్న కొడుకు తండ్రి చనిపోయిన సంగతి దాని ద్వారానే తెలుసుకున్నాడు. "నాన్నకు బాగాలేదు" అని మాత్రమే అతనికి అప్పటివరకు చెప్పి ఉంచారట. ఇది జరిగాక పెద్దకర్మ ముగిసేవరకు మెమరీ కార్డు నా దగ్గరే ఉంచుతున్నాను, ఇంటిపెద్దకు ముందే ఆ సంగతి చెబుతున్నాను.

ఆల్బమ్‌కు 40 నుంచి 60 ఫోటోలు చాలు. ముఖం కనిపించేవాటిని ఆల్బమ్‌లో కలపకుండా వేరే కవరులో పెట్టి, మీద "నాన్నగారి ముఖం ఉన్నవి" అని రాసి ఇవ్వాలి, చూడాలనుకున్నవారు చూస్తారు. చీరలు తొలగినవి, స్పృహ తప్పి పడినవారివి, తగువులాడుకున్నవారివి ఎవరికీ చూపకుండానే చెరిపేయాలి.

డబ్బు సంగతి ఆ ఇంట్లో ఆ రోజు ఎత్తకూడదు. పెద్దకర్మ తరువాత ఆల్బమ్ ఇచ్చేటప్పుడే తీసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోల మీద మొదటి హక్కు తీయించుకున్నవారిదే. అందువల్ల ప్రదర్శనకో పోటీకో ఒక ఫోటో వాడుకోవాలంటే ఆ ఫోటోను చేతిలో పట్టుకుని వెళ్లి, సంవత్సరీకం అయ్యాక అడిగి, కాగితం మీద ఒక వాక్యం రాయించుకోవాలి. ఫోటోలో ఉన్నవారిని కూడా విడిగా అడగాలి.

శ్మశానం నుంచి వచ్చాక మీ ఇంట్లోకి వెళ్లే ముందు స్నానం చేయడంతో పాటు కెమెరా పట్టీని ఉతకండి, కెమెరా పైన పడిన బూడిదను బ్లోయరుతో ఊది, ఆ తరువాతే గుడ్డతో తుడవండి. చావు ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదని తెలిసినదే. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాకా నడిచి, అక్కడ తొడుక్కోండి.